మద్దికెర చలి ఏ లిస్టులోనూ ఉండదు.. రేకుల ఇంట్లో రాత్రి గడిచేదెలా? తక్కువ ఖర్చుతో ఏం చేయొచ్చు?

టీవీలో చలి వార్త అనగానే గుర్తొచ్చేవి రెండు మూడు పేర్లే. లంబసింగి, అరకు, ఆదిలాబాద్. పొగమంచు విజువల్స్, చలిమంట చుట్టూ టూరిస్టులు, స్క్రీన్ మీద సింగిల్ డిజిట్ నంబర్. ప్రతి ఏటా డిసెంబర్‌లో మనం చూసేది అదే, మేం చూపించేది కూడా అదే.

ఆ లిస్టులో కర్నూలు జిల్లా మద్దికెర పేరు ఎప్పుడూ రాదు. ఆదోని రాదు, ఎమ్మిగనూరు రాదు. ఎందుకంటే ఇక్కడ నంబర్ అంత కిందికి దిగదు. తెల్లవారుజామున 15, 16 డిగ్రీల దగ్గర ఆగుతుంది. మరీ చలి ఉన్న రోజు ఇంకో రెండు డిగ్రీలు తగ్గొచ్చు. చూసేవాళ్లకు అది "ఆహ్లాదకరమైన వాతావరణం".

కానీ రేకుల కింద, బండల నేల మీద, పాత చీరతో కుట్టిన ఒక్క బొంత కప్పుకుని పడుకున్న డెబ్బై ఏళ్ల అవ్వకు అది ఆహ్లాదం కాదు. తెల్లవార్లూ వణుకే. అసలు సమస్య ఇక్కడే ఉంది. మనం బయటి టెంపరేచర్‌తో చలిని కొలుస్తున్నాం. మనుషులు పడుకునేది ఇంట్లో.

లెక్క ప్రకారం ఇది చలే కాదు!

భారత వాతావరణ శాఖకు ఒక కొలత ఉంది. మైదాన ప్రాంతంలో కనిష్ఠ ఉష్ణోగ్రత 10 డిగ్రీలు లేదా అంతకంటే తక్కువ ఉండాలి. అది మామూలు కంటే కనీసం 4.5 డిగ్రీలు తగ్గాలి. లేదా ఏకంగా 4 డిగ్రీలకు పడిపోవాలి. అప్పుడే శీతల గాలులు అని ప్రకటిస్తారు. మద్దికెర, పత్తికొండ, ఆలూరు, ఆదోని వైపు ఇలాంటి రోజు రావడం చాలా అరుదు.

వాతావరణ శాఖను తప్పుపట్టాల్సిన పని లేదు. అది గాలిని కొలిచే శాఖ, ఇంటిని కొలిచే శాఖ కాదు. కాకపోతే ఆ ప్రకటన మీద చాలా ఆధారపడి ఉన్నాయి. విపత్తు సాయానికి కేంద్రం గుర్తించిన జాబితాలో తుపాను, వరద, కరువుతో పాటు శీతల గాలులు కూడా ఉన్నాయి. అలాంటి విపత్తులో ప్రాణం పోతే, కారణాన్ని అధికారులు ధ్రువీకరిస్తే, కుటుంబానికి ఎస్‌డీఆర్‌ఎఫ్ నిబంధనల కింద 4 లక్షల రూపాయల సాయం ఉంది. మన దగ్గర ఆ ప్రకటనే రాదు. కాబట్టి చలికి పోయిన ప్రాణం కూడా "గుండెపోటు", "పక్షవాతం", "నిమ్ము" అనే పేర్లతోనే లెక్కలోకి వెళ్తుంది.

ఎండాకాలంతో పోల్చి చూడండి. 2015 వేసవిలో ఏపీలో వెయ్యి మందికి పైగా వడదెబ్బతో చనిపోయారు. ఆ తర్వాత హీట్ యాక్షన్ ప్లాన్ వచ్చింది. మండలాల వారీగా హెచ్చరికలు వస్తున్నాయి. ప్రతి సెంటర్‌లో చలివేంద్రాలు కనిపిస్తున్నాయి. చలికాలంలో మద్దికెర బస్టాండ్‌లో అలాంటిది ఏదైనా చూశారా?

మోస్తరు చలి ప్రమాదం కాదనుకుంటే పొరపాటే. 2018లో ప్లాస్ మెడిసిన్ జర్నల్‌లో మన దేశం మీద ఒక పెద్ద అధ్యయనం వచ్చింది. 2001 నుంచి 2013 మధ్య జరిగిన 4 లక్షలకు పైగా మరణాలను, ఆయా రోజుల ఉష్ణోగ్రతలతో కలిపి చూశారు. తీవ్రమైన చలి కంటే, తీవ్రమైన ఎండ కంటే, మోస్తరు చలితో ముడిపడ్డ మరణాలే ఎక్కువని తేలింది. అందులోనూ పక్షవాతం ముందుంది. ఒక్క మాట చెప్పాలి. ఆ అధ్యయనంలో "మోస్తరు చలి" అంటే చాలా పెద్ద రేంజ్. రోజు సగటు దాదాపు 14 డిగ్రీల నుంచి 30 వరకు అందులోకే వస్తుంది, అంటే ఏడాదిలో చాలా రోజులు. అయినా మనకు పనికొచ్చే పాయింట్ ఒకటుంది. సింగిల్ డిజిట్ రాకపోయినా చలి పని చలి చేసుకుపోతుంది.

ఇల్లు మారింది.. చలి మారింది

పశ్చిమ కర్నూలులో పాత ఇల్లంటే మట్టి మిద్దె. అడుగున్నర, రెండడుగుల మందం రాతి గోడలు. పైన దూలాలు, దంతెలు, వాటి మీద కసువు పరిచి, దానిపైన చౌడు మన్ను. వెలుతురు కోసం ఒక గవాక్షి. కిటికీలు దాదాపు లేవు. పగలంతా ఆ గోడలు, ఆ మిద్దె వేడిని మెల్లగా పీల్చుకుంటాయి. రాత్రంతా మెల్లగా వదులుతాయి. అందుకే మట్టి మిద్దెలో ఎండాకాలం చల్లగా, చలికాలం వెచ్చగా ఉంటుందని పెద్దోళ్లు చెప్పేది. అందులో గొప్పలేం లేవు, మందం చేసే పని అది.

అలాగని అందరూ మళ్లీ మట్టి మిద్దెల్లోకి పోవాలా? వద్దు. వానకు కారే మిద్దె, ముసురు పడితే కూలే మిద్దె. కింద పడుకున్నోళ్ల మీద మిద్దె కూలిన వార్తలు సీమలో మనం ఎన్నిసార్లు చదవలేదు! ఏటా చౌడు మన్ను తెచ్చి పోసే ఓపిక, ఆ మనుషులు కూడా ఇప్పుడు లేరు. అందుకే చేతిలో కాస్త డబ్బున్నోళ్లు స్లాబు వేశారు, లేనోళ్లు రేకులు వేశారు.

స్లాబు పర్వాలేదు. పగటి వేడిని కొంత పట్టుకుని సగం రాత్రి వరకు ఇస్తుంది. రేకు అలా కాదు. మందం మిల్లీమీటర్ కూడా ఉండదు, దాచుకోవడానికి దానిలో ఏమీ లేదు. మబ్బు లేని రాత్రి రేకు తన వేడిని నేరుగా ఆకాశంలోకి వదిలేస్తుంది. బయటి గాలి కంటే కూడా చల్లబడుతుంది. తెల్లవారుజామున రేకు లోపలివైపు చెమట పట్టినట్టు నీటి చుక్కలు కనబడతాయే, అందుకే. ఆ చుక్కలు బొంత మీద పడితే బొంత తడి, తడిస్తే వెచ్చదనం సున్నా.

దీనికి తోడు రేకు వంపులకీ గోడకీ మధ్య సందులు. ఒక్కో సందులో చెయ్యి పడుతుంది. తలుపు కింద ఇంకో సందు. ఇలాంటి ఇంట్లో బయట 15 ఉంటే లోపల కూడా దాదాపు అంతే. చల్లటి దేశాల కోసం ప్రపంచ ఆరోగ్య సంస్థ 2018లో ఇచ్చిన మార్గదర్శకాల్లో, చలికాలం ఇంటి లోపల 18 డిగ్రీలు ఉంటే క్షేమమని చెప్పింది. మన రేకుల ఇల్లు ఆ గీత దాటదు.

పగలు 30, తెల్లవారితే 15.. ఇదే మనకు ప్లస్ పాయింట్

ఇక్కడ చాలామంది పట్టించుకోని విషయం ఒకటుంది. ఢిల్లీ, లక్నోల్లో చలికాలం పగలు కూడా ఎండ సరిగా రాదు. మన దగ్గర అలా కాదు. నల్లరేగడి నేలలు, పొడి గాలి, సముద్ర మట్టానికి 400 మీటర్లకు పైగా ఎత్తు. రాత్రి ఎంత చల్లబడినా డిసెంబర్ మధ్యాహ్నం 29, 30 డిగ్రీలు ఉంటుంది. అంటే వేడిని కొనక్కర్లేదు. మధ్యాహ్నం ఫ్రీగా వచ్చిన వేడిని తెల్లవారే దాకా నిలబెట్టుకుంటే చాలు.

హీటర్ కొనాలనుకునేవాళ్లు ఈ లెక్క చూడండి. 2 కిలోవాట్ల రూమ్ హీటర్ రాత్రి 8 గంటలు వేస్తే 16 యూనిట్లు. నెలకు 480. ఏపీలో గృహ వినియోగం శ్లాబుల ప్రకారం 225 దాటితే యూనిట్ 8.75, 400 దాటితే 9.75 రూపాయలు. నెలకు 500 యూనిట్లు కాలితే కరెంటు ఛార్జీనే మూడున్నర వేలు. సర్దుబాటు ఛార్జీలు అదనం. పైగా సందులున్న రేకుల ఇంట్లో హీటర్ పెట్టడమంటే చిల్లి బిందెలో నీళ్లు పోయడమే.

కాబట్టి మొదటి పని టైమింగ్. పొద్దున 9 తర్వాత తలుపులు, కిటికీలు బార్లా తెరవండి. పక్కబట్టలన్నీ ఎండలో వేయండి. రాత్రంతా ఒంటి తేమ పీల్చిన బొంత ఎండితేనే మళ్లీ వెచ్చగా ఉంటుంది. సాయంత్రం నాలుగున్నర, ఐదుకు, అంటే పొద్దు ఇంకా ఉండగానే, పక్కబట్టలు లోపలికి తెచ్చి మడిచి పెట్టండి. తలుపులు మూయండి. చాలా ఇళ్లలో చీకటి పడ్డాక, చలి లోపలికొచ్చాక తలుపు వేస్తారు. అప్పటికి పగటి వేడి పోయి ఉంటుంది.

స్నానం కూడా అంతే. తెల్లవారుజామున ఐదుకు నీళ్లు కాచి ముసలోళ్లకు పోయాల్సిన అవసరం లేదు. నల్ల రంగు వేసిన డబ్బా, లేదంటే మసి పట్టిన పాత కాగు, నిండా నీళ్లు పోసి మూత పెట్టి ఎండలో ఉంచితే మధ్యాహ్నానికి గోరువెచ్చగా అవుతాయి. మూడింటికి స్నానం చేయించేయొచ్చు. రాడ్ హీటర్ వాడేవాళ్లకు ఒక లెక్క. 15 లీటర్ల బకెట్ వేడి చేయడానికి అర యూనిట్ కూడా పట్టదు. బిల్లుతో భయం లేదు, షాక్‌తోనే భయం. స్విచ్ ఆపి, ప్లగ్ కూడా పీకేసిన తర్వాతే నీళ్లలో చెయ్యి పెట్టాలి. ఇనుప బకెట్ వద్దు.

డబ్బు ముందు ఎక్కడ పెట్టాలి? పైన కాదు, కింద!

చలి రాగానే మన ఆలోచన దుప్పటి కొనడం మీదికే పోతుంది. ఆదోనిలో, గుంతకల్లులో రోడ్డు పక్కన మెత్తటి బ్లాంకెట్లు కుప్పలు పోసి అమ్ముతుంటే చెయ్యి అటే పోతుంది. తప్పులేదు. కానీ అది మూడో ఖర్చో, నాలుగో ఖర్చో కావాలి.

మన ఇళ్లలో ఎక్కువ మంది నేల మీదే పడుకుంటారు. అది కూడా నాపరాళ్ల నేల. బేతంచెర్ల బండ ఎండాకాలం ఎంత హాయో, చలికాలం అంత పగ. నిద్రపోతున్న మనిషి ఒంట్లోంచి దాదాపు 70 వాట్ల వేడి వస్తుంది. అంటే ఒక చిన్న హీటర్ లాంటిదే. ఒంటి బరువుకు కింద ఉన్న బొంత అణిగిపోతుంది, దానిలో గాలి ఉండదు, ఆ వేడంతా బండలోకి దిగిపోతుంది. పైన ఎన్ని దుప్పట్లు కప్పినా వీపు చల్లగానే ఉంటుంది. ఇద్దరికి రెండేసి చొప్పున నాలుగు దుప్పట్లుంటే, రెండు కింద వేసి రెండు కప్పుకోండి. తేడా ఆ రాత్రే తెలుస్తుంది.

ఇంకా చవకైన దారి గోనె సంచులు. నేల మీద ముందు ఒక ప్లాస్టిక్ పట్ట, అది తేమను ఆపుతుంది. దాని మీద రెండు మూడు వరసలు గోనె సంచులు, ఆ పైన చాప, చాప మీద బొంత. ఎండిన జొన్న సొప్ప ఉంటే గోనె సంచుల్లో కుక్కి పరుపులా కుట్టుకోవచ్చు. పురుగూ పుట్రా రాకుండా వారానికోసారి ఎండలో దులపాలి. నులక మంచం ఉన్నోళ్లు మంచం మీద పడుకుంటే చలి తక్కువ అనుకుంటారు. కింద నుంచి గాలి ఆడుతుంది కాబట్టి నులక మీద కూడా మందంగా ఏదో ఒకటి పరవాల్సిందే.

రెండో పని సందులు. దీనికి రూపాయి ఖర్చు లేదు. రేకు వంపుల్లో పాత గుడ్డలు ఉండలు చుట్టి కుక్కండి. పాత ప్యాంటు కాలు కత్తిరించి, ఇసుక నింపి, రెండు వైపులా కుట్టి తలుపు కింద అడ్డం పెట్టండి. అయితే అదే గదిలో కట్టెల పొయ్యి ఉంటే అన్నీ మూయకూడదు. పొయ్యి ఉన్న వైపు, పైన, పొగ పోయే సందు వదలాలి.

మూడోది రేకు కింద ఇంకో కప్పు. ఇల్లంతా వేయక్కర్లేదు. పక్కలు పరిచే చోటు వరకు, ఒక 8 అడుగులు బై 10 అడుగులు చాలు. 50 కిలోల గోనె సంచి కుట్లు విప్పితే సుమారు 11 చదరపు అడుగుల గుడ్డ వస్తుంది. అంటే 8 సంచులు. వాటిని కలిపి కుట్టి, రేకుకు జానెడు కిందగా తీగలతో బిగించి కట్టాలి. రేకుకీ గోనెకీ మధ్య నిలిచిన గాలే ఇక్కడ పని చేసేది. రేకు నుంచి కారే చుక్కలు కూడా దాని మీదే ఆగుతాయి. కొంతమంది పాత ఫ్లెక్సీలు కడుతున్నారు. ఎన్నికలైపోయాక నాయకుల ఫ్లెక్సీలు జనాల్ని కాపాడే సందర్భం ఇదొక్కటేనేమో! కానీ ఫ్లెక్సీ మంటకు ఇట్టే అంటుకుని కారుతుంది. గోనె కూడా మండేదే. పొయ్యి, దీపం, దేవుడి గూడు ఉన్న వైపు ఏదీ కట్టొద్దు.

అది కూడా కుదరదంటే దోమతెర ఉందిగా. దోమతెర పైన ఒక పాత చీర పరిచి, గాలి వచ్చే వైపు ఇంకో చీర దించండి. మంచం చుట్టూ చిన్న గది తయారవుతుంది. అన్ని వైపులా మూసేయొద్దు.

ఇవన్నీ అయ్యాకే కొత్త దుప్పటి.

పత్తి మనదే.. పరుపు?

ఆదోని పత్తి మార్కెట్ గురించి కొత్తగా చెప్పాల్సిన పనిలేదు. రాష్ట్రంలోనే పేరున్న పత్తి యార్డ్. చుట్టూ జిన్నింగ్ మిల్లులు. సీజన్‌లో రైతులు తమ లాట్ల దగ్గరే, పత్తి బోరాల మీదే రాత్రి గడుపుతారు. 2025-26 సీజన్‌లో పొడవు పింజ పత్తికి మద్దతు ధర క్వింటాలు 8,110 రూపాయలు. తేమ 8 శాతం దాటితే సీసీఐ ధర కోస్తుంది, 12 దాటితే అసలు కొనదు. అందుకే మంచు పడే రాత్రుల్లో ఇంట్లో ఉన్న ఒకే ఒక్క మంచి పట్ట మనుషుల మీద కాదు, పత్తి మీద ఉంటుంది. రైతు ఇంట్లో చలికాలం ప్రయారిటీ అదీ.

ఇప్పుడు ఒక చిన్న లెక్క. క్వింటాలు పత్తికి 33 నుంచి 35 కిలోల దూది వస్తుంది. 4 కిలోల దూదితో ఒక మనిషికి పల్చటి పరుపు అవుతుంది. దానికి కావాల్సింది 12 కిలోల పత్తి. మద్దతు ధరలో చూస్తే దాదాపు 970 రూపాయలు. అంత మంచి పత్తి పరుపుకు వాడమని ఎవరూ చెప్పరు. కానీ చివరి ఏరుడులో వచ్చే రంగు మారిన పత్తి, మార్కెట్‌లో ధర పలకని పత్తి ఉంటుంది కదా. వచ్చినకాడికి అమ్మేసి, అదే డబ్బుతో పాలిస్టర్ బ్లాంకెట్ కొనే బదులు, కొన్ని కిలోలు ఇంటికి ఆపుకుంటే రెండు పరుపులు అవుతాయి.

పాత పరుపు ఉంటే ఇంకా చవక. కర్నూలు జిల్లాలో దూదేకుల కుటుంబాలు ఎక్కువ. పేరులోనే వాళ్ల వృత్తి ఉంది. ఒకప్పుడు విల్లు లాంటి పనిముట్టు భుజాన వేసుకుని ఊరూరా తిరిగి దూది ఏకేవాళ్లు. ఇప్పుడు టౌన్లలో మెషిన్ల మీద ఏకిస్తున్నారు. అణిగి గట్టిపడ్డ పరుపును విప్పి, దూది మళ్లీ ఏకిస్తే పువ్వులా పొంగుతుంది. దూది కొత్తది కాలేదు, దానిలోకి మళ్లీ గాలి వచ్చింది. వెచ్చదనం ఇచ్చేది ఆ గాలే. ఫోమ్ పరుపులు వచ్చాక ఈ పని తగ్గింది. మీ ఊళ్లో ఇంకా చేసేవాళ్లుంటే డిసెంబర్ మొదట్లోనే పిలవండి, సంక్రాంతి ముందు వాళ్లు దొరకరు.

కప్పుకునే వాటి విషయానికొస్తే, ఎమ్మిగనూరు చేనేత గురించి చెప్పుకోవాలి. మాచాని సోమప్ప 1938లో అక్కడ చేనేత సహకార సంఘం పెట్టారు. ఆయనకు 1954లో పద్మశ్రీ వచ్చింది. అక్కడి దుప్పట్లు ఒకప్పుడు సీమ ఇళ్లలో మామూలు వస్తువు. నూలు దుప్పటి ఒక్కటే పల్చగా అనిపిస్తుంది. రెండు కలిపి మధ్యలో పాత చీర పెట్టి కుడితే బరువు తక్కువ, వెచ్చదనం ఎక్కువ.

కురుబల కంబళి సంగతి వేరు. బళ్లారి జాతి గొర్రె బొచ్చు ముతక, గుచ్చుకుంటుంది. కర్ణాటకలోని చళ్లకెరె కంబళ్లకు పేరు. ఈ తరం పిల్లలు ముట్టుకోరు. కానీ ఉన్ని ఒక విచిత్రం. తన బరువులో మూడో వంతు దాకా తేమ పీల్చినా తడిగా అనిపించదు, వెచ్చదనం పోదు. మంచు కురిసే చేలో గొర్రెల మంద దగ్గర కాపు పడుకునేవాళ్లు దాన్ని ఊరికే నమ్మలేదు. ఇంట్లో తాతల కాలం కంబళి అటక మీద ఉంటే దించండి, దులపండి, ఎండలో వేయండి. ఒంటికి గుచ్చుకుంటే కింద నూలు దుప్పటి, పైన కంబళి.

రోడ్డు పక్క అమ్మే మెత్తటి బ్లాంకెట్లు పాలిస్టర్. వెచ్చగానే ఉంటాయి. చలిమంట దగ్గర మాత్రం కప్పుకుని కూర్చోవద్దు. నిప్పు రవ్వ పడితే కరిగి ఒంటికి అంటుకుంటుంది. ఆ కాలిన గాయం చాలా ఘోరం.

కుంపటి లోపలికి తేవొద్దు.. ఎందుకంటే?

ఈ ఒక్క భాగం స్కిప్ చేయకుండా చదవండి. పైన చెప్పినట్టు సందులన్నీ మూసిన ఇంట్లో ఈ ప్రమాదం ఇంకా పెరుగుతుంది.

పొయ్యిలో మిగిలిన నిప్పులు, బొగ్గుల కుంపటి, ఇనుప బాండ్లీలో నిప్పు కణికలు. పొగ రావట్లేదు కదా అని గదిలో పెట్టుకుని తలుపేసుకుంటారు. పొగ లేని నిప్పే ఎక్కువ మోసం చేస్తుంది. గాలి చాలక బొగ్గు సగం సగం కాలినప్పుడు కార్బన్ మోనాక్సైడ్ వస్తుంది. దానికి వాసన లేదు, రంగు లేదు, కళ్లు మండవు. రక్తంలో ఆక్సిజన్ చోటును అది ఆక్రమిస్తుంది. మనిషికి మత్తుగా ఉంటుంది, నిద్ర అనుకుంటాడు. ఉత్తరాదిలో ప్రతి చలికాలం కుటుంబాలకు కుటుంబాలు ఇలా నిద్రలోనే పోయిన వార్తలు మనం చదువుతూనే ఉన్నాం.

ఒక గుర్తు పెట్టుకోండి. గదిలో ఉన్న ఇద్దరు ముగ్గురికి ఒకేసారి తలనొప్పి, వికారం, కళ్లు తిరగడం మొదలైతే అది జ్వరం కాదు. వెంటనే తలుపులు తీసి అందరినీ బయటికి తెచ్చి 108కి ఫోన్ చేయాలి.

బాలింత ఉన్న ఇంట్లో ఇంకా జాగ్రత్త. బాలింత మంచం కింద నిప్పుల కుంపటి పెట్టడం, తలుపు మూసి సాంబ్రాణి పొగ వేయడం మన పల్లెల్లో ఇంకా ఉంది. పెద్దవాళ్ల ఉద్దేశం మంచిదే, తల్లీబిడ్డా వెచ్చగా ఉండాలని. కానీ పసిబిడ్డకు అన్నిటికంటే మంచి హీటర్ తల్లి ఒళ్లే. బిడ్డను తల్లి గుండెకు ఆనించి, చర్మానికి చర్మం తగిలేలా పెట్టి, ఇద్దరి మీదా దుప్పటి కప్పాలి. బిడ్డ తలకు టోపీ, కాళ్లకు సాక్సులు. పసిబిడ్డల వేడి తల నుంచి కూడా చాలా పోతుంది. ముఖం మీద దుప్పటి రాకూడదు. ప్రసవం తర్వాత మూడో రోజు నుంచి 42వ రోజు దాకా ఆశా వర్కర్ ఇంటికి రావాల్సిన రోజులు ఉంటాయి. ఆమె దగ్గర థర్మామీటర్ ఉంటుంది. బిడ్డ పాదాలు చల్లగా ఉంటే, పాలు తాగడం తగ్గితే ఆమె వచ్చే రోజు కోసం ఆగకుండా కబురు పెట్టండి.

చలిమంట వేసుకోవద్దా? వేసుకోండి, బయట. ఊరి రచ్చబండ దగ్గర చలిమంట చుట్టూ కూర్చోవడంలో ఉన్న ముచ్చట ఎవరు కాదంటారు! పడుకునే ముందు నీళ్లు చల్లి పూర్తిగా ఆర్పి లోపలికి రండి.

వేడి కావాలంటే ఇంకో దారి ఉంది. స్టీల్ బాటిల్‌లో వేడి నీళ్లు పోసి, మూత గట్టిగా బిగించి, పాత టవల్ చుట్టి కాళ్ల దగ్గర పెట్టుకోవచ్చు. పెద్దవాళ్లకే. పసిపిల్లల పక్కన వద్దు. షుగర్ ఉండి కాళ్లకు స్పర్శ తగ్గినవాళ్లు కూడా వాడకూడదు, కాలినా తెలియదు.

సుగ్గికి పోయిన ఇంట్లో మిగిలేదెవరు?

ఇప్పుడు అసలు కష్టమైన విషయం. పశ్చిమ మండలాల్లో చలికాలం అంటే సుగ్గి కాలం కూడా. కోసిగి, కౌతాళం, పెద్దకడుబూరు, హాలహర్వి, ఆస్పరి నుంచి మద్దికెర, తుగ్గలి వరకు ఎన్నో కుటుంబాలు మిరప కోతలకు, పత్తి ఏరడానికి గుంటూరు, పల్నాడు, తెలంగాణ వైపు వెళ్తాయి. లారీల్లో, ఆటోల్లో, రైళ్లలో మూటా ముల్లె కట్టుకుని.

ఆ మూటలో ఏం ఉంటుంది? తిండిగింజలు, గిన్నెలు, పక్కబట్టలు. ఇంట్లో ఉన్న మంచి బొంతలు, పట్టలు వాళ్లతో పోవాల్సిందే. అక్కడ మిరప చేల పక్కన పట్టలతో వేసిన గుడారాల్లో ఉండాలి మరి. ఇంటి దగ్గర మిగిలేది అవ్వ, తాత, ఒక్కోసారి బడికి పోయే పిల్లలు. మిగిలిన పాత బొంతలతో.

సుగ్గికి బయల్దేరే ముందు ఒక పూట ఈ పనికి కేటాయించగలిగితే చాలా తేడా ఉంటుంది. అవ్వ పడుకునే మూలకు గోనె కప్పు కట్టి, సందులు మూసి, కింద సొప్ప పరుపు వేసి పోవడం. బీపీ మాత్రలు రెండు నెలలకు సరిపడా తెచ్చిపెట్టడం. చలికి రక్తనాళాలు ముడుచుకుంటాయి, బీపీ పెరుగుతుంది. తెల్లవారుజామున వెచ్చటి పక్క మీంచి దిగ్గున లేచి బయటికి పోవడం పెద్దవాళ్లకు ప్రమాదం. లేచి పక్క మీదే రెండు నిమిషాలు కూర్చుని, తలకు గుడ్డ చుట్టుకుని, అప్పుడు బయటికి రావాలి. పక్కింటి వాళ్లకు ఒక మాట చెప్పి పోండి. పొద్దున ఏడయినా తలుపు తీయకపోతే పలకరించమని.

గుడారాల్లో ఉండేవాళ్లకు కూడా పైన చెప్పిన సూత్రమే. పట్ట మీద పట్ట వేయడం కంటే నేల మీద వరి గడ్డి మందంగా పరచడం మేలు. పల్నాడు వైపు గడ్డికి కొదవ లేదు. గుడారంలో పొయ్యి పెట్టి పడుకోవద్దు.

ఇక పిల్లలు. వలస కుటుంబాల పిల్లలు బడి మానకుండా సమగ్ర శిక్ష కింద సీజనల్ హాస్టళ్లు నడుపుతారు. చాలా చోట్ల బడి గదుల్లోనే. పగలు క్లాసు, రాత్రి పడక, అదే బండల నేల మీద. భోజనం మెనూ మీద అందరి దృష్టీ ఉంటుంది, అది అవసరమే. పక్కబట్టల గురించి అడిగేవాళ్లు తక్కువ. పిల్లాడిని వదిలి వెళ్లే ముందు హెడ్‌మాస్టర్ సారును మూడు విషయాలు అడగండి. కింద వేయడానికి ఏమిస్తారు? కిటికీలకు రెక్కలు ఉన్నాయా? దుప్పట్లు డిసెంబర్‌లో వస్తాయా, ఫిబ్రవరిలో వస్తాయా? చలి పోయాక వచ్చిన దుప్పటి రిజిస్టర్‌లో లెక్కకే పనికొస్తుంది.

దుప్పట్లు పంచాలనుకునే దాతలకు, యువజన సంఘాలకు ఒక సూచన. పంచే చవక కంబళ్లు ఎక్కువగా పానిపట్ నుంచి వస్తాయి. పాత బట్టల నూలుతో చేసినవి. మంచిదే, పంచండి. కానీ బస్టాండ్‌లో ఫొటో దిగి పది మందికి పది కంబళ్లు ఇచ్చే డబ్బుతో ఆదోని యార్డ్ దగ్గర వాడిన గోనె సంచులు కట్టలుగా కొనొచ్చు. నాలుగు మంది కుర్రాళ్లు, దబ్బనం, పురికోస ఉంటే ఒక ఆదివారం ఒక వీధిలో ఒంటరిగా ఉన్న ముసలోళ్ల ఇళ్లన్నిటికీ కప్పు కట్టేయొచ్చు. ఫొటో కూడా బాగానే వస్తుంది.

ఎప్పటిదాకా?

శివరాత్రికి చలి శివశివా అంటూ పోతుందని సామెత. 2026లో శివరాత్రి ఫిబ్రవరి 15న. అప్పటిదాకా తెల్లవారుజాములు ఇలాగే ఉంటాయి. ఆ తర్వాత రేకు వంపుల్లో కుక్కిన గుడ్డలు తీసేయండి, గాలి ఆడాలి. గోనె కప్పు మాత్రం విప్పొద్దు. మార్చి వచ్చేసరికి అదే రేకు మధ్యాహ్నం పెనంలా కాలుతుంది. ఆ వేడిని తల మీదికి దిగకుండా ఆపేది కూడా ఆ ఎనిమిది సంచులే.